కమిలిన చోట ఆకుపచ్చ ఎక్కడిది? హీమ్ ఆక్సిజనేజ్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక వానాకాలం పొద్దున బస్సు ఎక్కుతూ కాలు జారి, మోకాలి కింద మెట్టు అంచుకి గట్టిగా కొట్టుకున్నాను. రక్తం కారలేదు గానీ ఆ చోటు కమిలి, రాత్రికి వంకాయ రంగుకి తిరిగింది. ఐదారు రోజులకి అంచుల్లో ఆకుపచ్చ కనబడింది. వారం దాటాక పసుపు, తర్వాత లేత గోధుమరంగు, ఆ తర్వాత ఏమీ లేదు. విశాఖపట్నంలో డిగ్రీ పిల్లలకి బయోకెమిస్ట్రీ చెప్పి బతుకుతున్నదాన్ని కాబట్టి, ఆ వారం బోర్డు మీద బొమ్మ వేయకుండా నా కాలే చూపించి పాఠం చెప్పాను. అప్పటినుంచి క్లాసులోనూ, బీచ్ రోడ్డు వాకింగ్‌లోనూ, అపార్ట్‌మెంట్ లిఫ్టులోనూ జనం అడిగినవాటిలో మళ్ళీమళ్ళీ వచ్చే ప్రశ్నలు ఇవి.

"మేడం, ఇంతకీ ఆ ఆకుపచ్చ ఏంటి?"

బిలివర్డిన్. దెబ్బకి చర్మం కింద చిన్న రక్తనాళాలు చిట్లి ఎర్రకణాలు బయటికి వస్తాయి. అవి పగిలితే హిమోగ్లోబిన్, అందులోంచి హీమ్ బయటపడతాయి. హీమ్ అంటే మధ్యలో ఇనుము పొదిగిన ఉంగరంలాంటి అణువు. మన రక్తానికి ఎరుపు దానివల్లే. హీమ్ ఆక్సిజనేజ్ అనే ఎంజైమ్ ఆ ఉంగరాన్ని ఒకచోట తెంపుతుంది. తెగిన ఉంగరమే ఆకుపచ్చ బిలివర్డిన్. వెంటనే ఇంకో ఎంజైమ్ దాన్ని పసుపుపచ్చ బిలిరుబిన్‌గా మారుస్తుంది. నా కాలి మీద రంగులు మారిన వరుస ఇదే. పుస్తకంలో బాణం గుర్తులతో రాసిన రసాయన చర్య కళ్ళతో చూడగలిగే చోట్లు ఒంట్లో ఎన్నో లేవు.

మన భాషలో ఆకుపచ్చ, పసుపుపచ్చ రెండూ "పచ్చ"లే. కామెర్లని పచ్చకామెర్లంటాం, పసిరికలనీ అంటాం. ఈ రెండు రంగులూ ఒకే హీమ్‌లోంచి వచ్చాయి కాబట్టి ఆ పేర్లు నాకు భలే నచ్చుతాయి.

ఈ ఎంజైమ్‌కీ ఒత్తిడికీ ఏంటి సంబంధం? ఒత్తిడి అంటే టెన్షనేనా?

పరీక్షల టెన్షన్ కాదు. కణానికి ఒత్తిడి అంటే ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలు, పొగ, ఆర్సెనిక్‌లాంటి విషాలు, ఇన్ఫెక్షన్, ఆక్సిజన్ తగ్గడం, ఒక్కసారిగా మీదపడ్డ హీమ్. ఈ ఎంజైమ్‌లో రెండు రకాలున్నాయి. రెండో రకం మెదడులో, వృషణాల్లో ఎప్పుడూ దాదాపు ఒకే మోతాదులో ఉంటుంది. మొదటి రకం, అంటే హీమ్ ఆక్సిజనేజ్-1, మామూలు రోజుల్లో చాలా కణాల్లో కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. దెబ్బ తగిలిన కొద్ది గంటల్లో ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఈ పేజీ దాని గురించే. పాత ఎర్రకణాలని అరిగించే ప్లీహంలో మాత్రం దానికి సెలవు లేదు, అక్కడ రోజూ డ్యూటీయే.

వైజాగ్‌లో గేటుకి తుప్పు పట్టినట్టే కణాలకీ పడుతుందా?

సగం నిజం. సముద్రం ఒడ్డున ఉండేవాళ్ళకి తుప్పు గురించి నేను చెప్పేదేముంది! సంక్రాంతికి వేసిన పెయింటు వానాకాలానికల్లా పొక్కులు లేస్తుంది. గ్రిల్, ఏసీ బయటి పెట్టె, బండి సైలెన్సర్, ఉప్పుగాలి దేన్నీ వదలదు. తుప్పులో ఆక్సిజన్ ఇనుము దగ్గర ఎలక్ట్రాన్లు లాక్కుంటుంది, దీన్నే ఆక్సీకరణం అంటాం. కణంలో కూడా లాక్కునేది ఆక్సిజనే. మైటోకాండ్రియాలో తిండిని శక్తిగా మార్చేటప్పుడు కొద్దిగా ఆక్సిజన్ దారి తప్పి సూపర్ ఆక్సైడ్ అవుతుంది, దాన్నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ వస్తుంది. ఇంతవరకూ కణం తట్టుకోగలదు. కానీ ఆ పెరాక్సైడ్‌కి విడి ఇనుము తగిలిందా, హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. హెన్రీ ఫెంటన్ 1894లో వర్ణించిన చర్య ఇది. హైడ్రాక్సిల్ రాడికల్ ఎంత దూకుడంటే, పుట్టినచోటే పక్కనున్నదాన్ని కరిచేస్తుంది. అది డీఎన్ఏ కావచ్చు, ప్రోటీన్ కావచ్చు, కణం పొరలోని కొవ్వు కావచ్చు.

కొవ్వు పాడవడం ఎలా ఉంటుందో మీకు తెలుసు. డబ్బా అడుగున మిగిలిపోయిన పాత వేరుశనగ గుళ్ళు నోట్లో వేసుకుంటే కనరు వాసన వస్తుంది చూడండి, అదే. ఒక కొవ్వు అణువు పక్కదాన్ని, అది దాని పక్కదాన్ని చెడగొట్టుకుంటూ పోతాయి. మన కణాల పొరలకీ ఈ ముప్పే.

తేడా ఎక్కడంటే, గేటు దగ్గర తుప్పు పట్టేది ఇనుముకి. ఒంట్లో ఇనుమే తుప్పు పట్టించే పని చేస్తుంది.

హీమ్ లేకపోతే ఊపిరే లేదంటారు. మరి దాన్నెందుకు తెంపడం?

హిమోగ్లోబిన్ లోపల కూర్చున్నంతసేపూ హీమ్ బంగారం. బయటపడితే కథ వేరు. అది నూనెలో సులువుగా కరిగే అణువు, నేరుగా కణం పొరలోకి దూరుతుంది, తన ఇనుముతో సహా. ఇందాకటి కనరు కథ అక్కడే మొదలవుతుంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక ఊళ్ళో ఉన్నవాళ్ళు గుర్తు చేసుకోండి. ముందురోజు దాకా నీడనిచ్చిన చెట్టే మర్నాటికి రోడ్డుకి అడ్డం, కరెంటు తీగల మీద, కారు మీద. దాన్ని లాగి పక్కన పడేస్తే సరిపోదు, ముక్కలుగా కోయాలి. రంపాలతో వచ్చినవాళ్ళు కోశారు. కోసిన కొమ్మలు ఎన్నో ఇళ్ళలో పొయ్యి కిందికి వెళ్ళాయి. హీమ్ ఆక్సిజనేజ్-1ది సరిగ్గా ఆ రంపం పనే. అడ్డం తీయడం ఒక లాభం, కోశాక వచ్చిన పుల్లలు పనికిరావడం రెండో లాభం. పాఠ్యపుస్తకాలు మొదటిదాని మీద ఒక పేరా రాసి రెండోదాన్ని ఒక వాక్యంలో తేల్చేస్తాయి. నాకైతే రెండోదే అసలు సంగతి.

ఆ పుల్లలేంటి మరి?

మూడు. ఒక్కో హీమ్ తెగడానికి మూడు ఆక్సిజన్ అణువులు, ఎన్ఏడీపీహెచ్ అనే ఎలక్ట్రాన్లు మోసే అణువు నుంచి ఎలక్ట్రాన్లు ఖర్చవుతాయి. బదులుగా బిలివర్డిన్, ఇనుము, కార్బన్ మోనాక్సైడ్ వస్తాయి.

బిలివర్డిన్ బిలిరుబిన్ అవుతుందని చెప్పాను. చాలాకాలం బిలిరుబిన్‌ని ఒట్టి చెత్తగానే లెక్కేశారు. కామెర్లలో కళ్ళు పసుపెక్కించే మలినం, అంతే. 1987లో రోలాండ్ స్టాకర్, బ్రూస్ ఏమ్స్ తదితరులు అది కొవ్వు పొరల్ని ఆక్సీకరణం నుంచి గట్టిగా కాపాడుతుందని చూపించారు. 2002లో సాలమన్ స్నైడర్ బృందం ఇంకో అడుగు వేసింది. బిలిరుబిన్ తాను ఆక్సీకరణం చెంది మళ్ళీ బిలివర్డిన్ అవుతుంది, ఎంజైమ్ దాన్ని తిరిగి బిలిరుబిన్ చేస్తుంది, అలా కొద్దిపాటి సరుకే తిరుగుతూ చాలా పని చేస్తుందన్నారు. ఈ చక్రం నిజంగా ఎంత జరుగుతుందన్న దాని మీద వాదన ఇంకా తెగలేదు.

ఇనుము సంగతి కాస్త ఇరకాటం. విడి ఇనుమే ప్రమాదమని ఇందాక చెప్పి, ఇప్పుడు ఈ ఎంజైమే ఇనుము వదులుతుందంటే ఎలా? క్లాసులో ఎవరో ఒకరు ఇది పట్టుకుంటారు. పట్టుకున్నవాళ్ళ పేరు నేను గుర్తుపెట్టుకుంటాను. జవాబేమిటంటే, ఇనుము బయటపడగానే ఫెర్రిటిన్ తయారీ పెరుగుతుంది. అది బోలు బంతిలాంటి ప్రోటీన్, ఒక్కో బంతిలో 4,500 దాకా ఇనుప పరమాణువులు దాచుకోగలదు. ఇంకొంత ఇనుము కణం బయటికి వెళ్ళి కొత్త ఎర్రకణాలకి వాడకమవుతుంది. రంపం ఒక్కటే వచ్చి, పుల్లలు మోసుకెళ్ళే బండి రాకపోతే రోడ్డు మళ్ళీ నిండిపోతుంది కదా.

కార్బన్ మోనాక్సైడ్ విషం కదండీ? లంబసింగిలో కుంపటి పెట్టుకుని పడుకుంటే ప్రాణం పోయేది దానివల్లే కదా?

దానివల్లే. చలికాలం లంబసింగి, అరకు వెళ్ళేవాళ్ళు తలుపులన్నీ మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రపోవద్దు. ఆ వాయువుకి రంగు, వాసన ఉండవు. హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, మత్తు, ఆ తర్వాత మెలకువే రాదు.

కానీ అదే వాయువు మన ఒంట్లో కూడా పుడుతుందని స్వీడన్ శాస్త్రవేత్త టోర్గ్‌నీ షోస్ట్రాండ్ 1949లోనే రాశాడు. రోజుకి సుమారు 10 మిల్లీలీటర్లు, రెండు టీస్పూన్ల చోటు పట్టేంత. ఆ మోతాదులో అది విషంగా పనిచేయదు. రక్తనాళాలని సడలించే, వాపుని తగ్గించే, కణాన్ని చావకుండా ఆపే సంకేతంగా పనిచేస్తుందని ప్రయోగాలు చెబుతున్నాయి. ఉప్పు లేని కూర తినలేం, గరిటెడు ఉప్పు వేసిన కూరా తినలేం.

దెబ్బ తగిలిందని ఎంజైమ్‌కి ఎవరు చెబుతారు?

ఇక్కడే నాకు ముచ్చటేస్తుంది, కాస్త ఓపిక పట్టండి.

కణంలో నర్ఫ్-2 అనే ప్రోటీన్ ఉంది. అది కేంద్రకంలోకి వెళ్ళి డీఎన్ఏ మీద కూర్చుంటే హీమ్ ఆక్సిజనేజ్-1 లాంటి రక్షణ జన్యువులు డజన్ల కొద్దీ మేలుకుంటాయి. కానీ మామూలు రోజుల్లో దాన్ని వెళ్ళనివ్వరు. కీప్-1 అనే ఇంకో ప్రోటీన్ దాన్ని పట్టుకుని, ముక్కలు చేసే యంత్రానికి అప్పగిస్తూ ఉంటుంది. నర్ఫ్-2 తయారైన ఇరవై నిమిషాల్లో సగం మాయమవుతుంది. తయారుచేయడం, పారేయడం, మళ్ళీ తయారుచేయడం! ఇదేం దుబారా అనిపిస్తుంది. నాకూ చదువుకునే రోజుల్లో అలాగే అనిపించింది. అసలు గుట్టు కీప్-1 చేతివేళ్ళలో ఉంది. దాని మీద సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలున్నాయి, వాటి గంధకం ఆక్సీకరణకి ఇట్టే లొంగుతుంది. అంటే కీప్-1 కాపలాదారు మాత్రమే కాదు, ముక్కు కూడా. ఒత్తిడి వచ్చి ఆ సిస్టీన్లు మారగానే పట్టు సడలుతుంది. ఎలాగూ నర్ఫ్-2 నిత్యం తయారవుతూనే ఉంది కాబట్టి, కొత్తగా వచ్చింది వచ్చినట్టు కేంద్రకంలోకి పోతుంది. అప్పటికప్పుడు తయారీ మొదలుపెట్టి ఉంటే ఆలస్యమయ్యేది. ఆ దుబారా నిజానికి వేగానికి కట్టే అద్దె. కీప్-1ని 1999లో జపాన్‌లో మసయుకి యమమోటో బృందం బయటపెట్టింది.

రెండో తాళం కూడా ఉంది. బాక్-1 అనే ప్రోటీన్ హీమ్ ఆక్సిజనేజ్ జన్యువు మీదే కూర్చుని దాన్ని నొక్కిపెడుతుంది. ఆ తాళం తీసే చెవి ఏమిటో తెలుసా? హీమే! హీమ్ వచ్చి బాక్-1కి అతుక్కుంటే అది లేచిపోతుంది. కోయాల్సిన చెట్టే వచ్చి రంపంవాడి తలుపు తట్టినట్టు.

దీన్ని ఎవరు కనిపెట్టారు?

1968లో అమెరికాలో రాయిమో టెన్‌హునెన్, హార్వే మార్వర్, రూడీ ష్మిడ్ అనే ముగ్గురు, హీమ్‌ని తెంపే ఎంజైమ్‌గా. అది ఒత్తిడికి లేస్తుందన్న సంగతి వేరే దారిలో తెలిసింది. మనిషి చర్మకణాల మీద అల్ట్రావయొలెట్-ఎ కిరణాలు పడినా, పెరాక్సైడ్ పోసినా, ఆర్సెనైట్ కలిపినా 32 కిలోడాల్టన్ల బరువున్న ప్రోటీన్ ఒకటి విపరీతంగా పెరుగుతోందని గమనించారు, అదేంటో అర్థం కాలేదు. 1989లో స్టీఫెన్ కైస్, రెక్స్ టిరెల్ అది మన పాత హీమ్ ఆక్సిజనేజేనని తేల్చారు.

ఇది లేకుండా పుడితే?

1997లో ఈ జన్యువు తీసేసిన ఎలుకలని అమెరికాలో కెన్నెత్ పాస్, సుసుము టోనెగావా తయారుచేశారు. చాలావరకు పుట్టకముందే పోయాయి. బతికినవాటికి ఒకవైపు రక్తహీనత, మరోవైపు కాలేయంలో, మూత్రపిండాల్లో ఇనుము పేరుకుపోవడం. ఇనుము ఉండీ వాడకానికి అందలేదు.

మనుషుల్లో మొదటి కేసు 1999లో జపాన్ నుంచి వచ్చింది, ఆరేళ్ళ బాబు. ఎదుగుదల లేదు, ఎర్రకణాలు పగిలిపోతున్నాయి, రక్తనాళాల లోపలి పొర దెబ్బతింది. ఇలాంటి కేసులు ప్రపంచం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. ఈ ఎంజైమ్ ఎందుకు ముఖ్యమని అడిగితే నేను రసాయన సమీకరణం చెప్పను, ఆ బాబు గురించి చెబుతాను.

గాయం మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే నురగ వస్తుంది. అదీ దీని పనేనా?

కాదు. అది కేటలేజ్. పెరాక్సైడ్‌ని నీళ్ళు, ఆక్సిజన్‌గా విడగొడుతుంది.

మా పాపకి పుట్టగానే కామెర్లొచ్చి లైటు కింద పెట్టారు. బిలిరుబిన్ మంచిదంటున్నారు, మరి లైటెందుకు?

మా కింది ఫ్లాట్ అమ్మాయి, బిడ్డని ఎత్తుకునే అడిగింది. పెద్దవాళ్ళలో రోజుకి దాదాపు 250 నుంచి 300 మిల్లీగ్రాముల బిలిరుబిన్ తయారవుతుంది, కాలేయం దాన్ని పైత్యరసంలో కలిపి పంపేస్తుంది. పసిబిడ్డకి ఎర్రకణాలు ఎక్కువ, త్వరగా అరుగుతాయి. కాలేయానికి ఇంకా చేయి తిరగలేదు. బిలిరుబిన్ మరీ పేరుకుంటే మెదడులోకి దిగి శాశ్వతంగా హాని చేస్తుంది. నీలిరంగు వెలుగు దాని ఆకారాన్ని మార్చి నీళ్ళలో కరిగేలా చేస్తుంది. డాక్టర్ పెట్టమంటే పెట్టాల్సిందే. పొద్దుటెండలో పడుకోబెడితే సరిపోతుందని అత్తగారో పక్కింటివాళ్ళో చెబితే వినకండి, ముందు పరీక్ష చేయించండి.

పెద్దవాళ్ళలో గిల్బర్ట్ సిండ్రోమ్ అని ఒకటుంది, పుట్టుకతోనే బిలిరుబిన్ కాస్త ఎక్కువ. వాళ్ళలో గుండెజబ్బు తక్కువ కనిపిస్తోందని చాలా పరిశీలనల్లో తేలింది. బిలిరుబినే కాపాడుతోందనడానికి మాత్రం అది చాలదు.

ఏజెన్సీలో సికిల్ సెల్ ఎక్కువంటారు. దానికీ దీనికీ లింకుందా?

ఉంది, గట్టిగానే ఉంది. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చి చదువుకునే పిల్లలు మా క్లాసులో ఎప్పుడూ ఉంటారు. 2022 నుంచి ఆ ప్రాంతం అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. సికిల్ సెల్ జబ్బులో ఎర్రకణాలు కొడవలిలా వంగి, 120 రోజులు ఉండాల్సినవి వారాల్లోనే పగిలిపోతాయి. అంటే రక్తంలోకి నిత్యం హీమ్ వరద. హీమ్ ఆక్సిజనేజ్-1 అక్కడ ఓవర్‌టైమ్ చేస్తూనే ఉంటుంది, అయినా సరిపోదు.

తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే ఆ జన్యువు వచ్చినవాళ్ళ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. వాళ్ళకి జబ్బు ఉండదు, మలేరియా తీవ్రం కాకుండా రక్షణ ఉంటుంది. అందుకే మలేరియా ఉన్న అడవుల్లో ఆ జన్యువు నిలిచింది. 2011లో పోర్చుగల్‌లో మిగెల్ సొవారెస్ బృందం ఎలుకల మీద ఒక కారణం చూపించింది. కొద్దికొద్దిగా బయటపడే హీమ్ నర్ఫ్-2 దారిలో హీమ్ ఆక్సిజనేజ్-1ని ముందే లేపి ఉంచుతుంది, అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ మలేరియా సమయంలో మరింత హీమ్ ఊడిపోకుండా ఆపుతుంది. క్రిములు తగ్గలేదు, ఎలుకలు తట్టుకున్నాయి. మనుషుల్లో వేరే కారణాలు కూడా కలిసి ఉంటాయి.

సంబంధం చూసుకునే ముందు ఇద్దరూ ఒక్క రక్తపరీక్ష చేయించుకోండి. జాతకం ఎలాగూ చూపిస్తారుగా.

పసుపు, మునగాకు తింటే ఈ ఎంజైమ్ పెరుగుతుందా?

గాజుపాత్రలో పెంచిన కణాల మీద పసుపులోని కర్క్యుమిన్ పోస్తే పెరుగుతుందని 2000లోనే చూపించారు. బ్రకోలీ, క్యాబేజీ జాతిలో దొరికే సల్ఫోరఫేన్ కూడా కీప్-1 సిస్టీన్లని తాకుతుంది. గమ్మత్తేంటంటే ఇవి స్వయంగా యాంటీఆక్సిడెంట్లుగా, అంటే ఆక్సీకరణని అడ్డుకునేవిగా కంటే, కణాన్ని కాస్త గిల్లి రక్షణ లేపడం ద్వారా ఎక్కువ పనిచేస్తాయి. అయితే పప్పులో వేసిన పసుపులోని కర్క్యుమిన్ పేగు దాటి రక్తంలోకి వెళ్ళేది చాలా కొంచెం. పప్పులో పసుపు వేయండి, రుచికోసం. మునగాకు వేపుడు తినండి, నాకూ ఇష్టమే. మందు అనుకుని మాత్రం తినకండి.

మరి యాంటీఆక్సిడెంట్ మాత్రలు?

వద్దనే నా సలహా, లోపం ఉందని డాక్టర్ రాస్తే తప్ప. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ళ మీద చేసిన ట్రయల్‌లో బీటా కెరోటిన్ అనే యాంటీఆక్సిడెంట్ తీసుకున్నవాళ్ళకి ఊపిరితిత్తుల కాన్సర్ 18 శాతం ఎక్కువైంది. ఆ ఫలితం 1994లో వచ్చింది. 2009లో మైకేల్ రిస్టో బృందం వ్యాయామం చేసేవాళ్ళకి విటమిన్ సి, ఇ మాత్రలిస్తే, వ్యాయామంవల్ల ఇన్సులిన్ పనితీరులో రావాల్సిన మెరుగు రాలేదని చూపించింది.

షిప్‌యార్డ్‌లో పనిచేసేవాళ్ళని అడగండి, ఓడ అడుగున జింకు దిమ్మలు బిగిస్తారు. ఉప్పునీరు ఉక్కుని వదిలి జింకుని తింటుంది. విటమిన్ సి అలాంటిది, తాను అరిగి పక్కదాన్ని కాపాడుతుంది. హీమ్ ఆక్సిజనేజ్ ఆ రకం కాదు. దానికి కబురు కావాలి, కబురు తెచ్చేది ఆ చిన్నపాటి ఆక్సీకరణే. మాత్రలతో దాన్ని ముందే తుడిచేస్తే కాపలాదారు ఎందుకు లేస్తాడు? కైలాసగిరి మెట్లెక్కి ఆయాసపడితే వచ్చేది సీసాలో రాదు.

ఎక్కువైతే మంచిదేనా?

కాదు. కాన్సర్ కణాలు ఈ కవచాన్ని దొంగిలించి తొడుక్కుంటాయి. ఊపిరితిత్తుల కాన్సర్లలో కొన్నింట కీప్-1 జన్యువు చెడిపోయి నర్ఫ్-2 ఎప్పుడూ మేలుకునే ఉంటుంది, ఆ కాన్సర్ మందులకి లొంగదు. అందుకే ఈ దారిలో మందులు జాగ్రత్తగా వస్తున్నాయి. నర్ఫ్-2ని లేపే డైమిథైల్ ఫ్యూమరేట్ అనే మందుని మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బుకి అమెరికాలో 2013లో అనుమతించారు.

ల్యాబ్‌లో దీనికి టెస్టు ఉందా?

మామూలు డయాగ్నస్టిక్ సెంటర్లలో లేదు, మీకు అవసరమూ లేదు.

హార్బర్‌లో కొన్న చేపకి ముల్లు ఆకుపచ్చగా ఉంది. పాడైపోయిందా, పడేయాలా?

సూదిలా పొడుగు మూతి ఉన్న చేపేనా? అయితే పడేయకండి. ఆ జాతికి ముళ్ళు పుట్టుకతోనే ఆకుపచ్చ, ఆ రంగు కూడా బిలివర్డినే. ఉడికినా పోదు. ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కోసే ఆవిడ నాకు బయోకెమిస్ట్రీ తెలియకముందే చెప్పింది: "అది దాని రంగేనమ్మా, పులుసు పెట్టుకో."